కేజీ నిర్వచనం లోపల మళ్లీ కేజీయే ఉంది కదా, ఇదెలా కుదురుతుంది?

ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. యూనిట్ల చాప్టర్‌లో ఒకచోట ఇరుక్కున్నాం. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

1889 నుంచి 2019 దాకా కిలోగ్రామ్ అంటే పారిస్ పక్కన సెవ్ర్‌లో గాజు మూతల కింద దాచిన ప్లాటినం-ఇరిడియం స్తూపం. ఎత్తు, వ్యాసం రెండూ 39 మిల్లీమీటర్లే. వందేళ్లలో దానికీ, దాని నకళ్లకీ సుమారు 50 మైక్రోగ్రాముల తేడా వచ్చింది. (తమాషా ఏంటంటే, నిర్వచనం ప్రకారం ఆ స్తూపం తప్పు కావడానికే వీల్లేదు!) అందుకే 2019 మే 20 నుంచి స్తూపాన్ని పక్కనపెట్టి, ప్లాంక్ స్థిరాంకాన్ని (క్వాంటమ్ ఫిజిక్స్‌లో ఎప్పుడూ మారని ఒక విలువ) 6.62607015×10⁻³⁴ జౌల్-సెకండ్లుగా ఖాయం చేసి, కేజీని దాన్నుంచే నిర్వచిస్తున్నారు.

జౌల్‌ని విడదీస్తే (కేజీ × మీటర్² ÷ సెకండ్²) లోపల కేజీ ఉంది. "సార్, కేజీని కేజీతోనే చెప్తున్నారేంటి?" అని ఓ అమ్మాయి అడిగింది. సెకండ్ సీసియం పరమాణువుతో, మీటర్ కాంతి వేగంతో ముందే ఖాయమయ్యాయి కాబట్టి మిగిలిన కేజీ దానంతటదే తేలుతుందని చెప్పాను. ఈ జవాబు సరిపోతుందా?

ఇంకోటి, కిబుల్ బ్యాలెన్స్, అంటే ఈ కొత్త నిర్వచనం ప్రకారం కేజీని కొలిచే తక్కెడ. తీగచుట్టలో కరెంటు పంపి, అయస్కాంత బలంతో బరువును సరితూచడం వరకు అర్థమైంది. అందులోకి ప్లాంక్ స్థిరాంకం ఎలా వస్తుంది? వోల్టేజీని జోసెఫ్‌సన్ ఎఫెక్ట్‌తో, రెసిస్టెన్స్‌ని క్వాంటమ్ హాల్ ఎఫెక్ట్‌తో కొలుస్తారు కదా (ఈ రెండు క్వాంటమ్ ప్రభావాల సూత్రాల్లోనూ ప్లాంక్ స్థిరాంకం ఉంటుంది), అక్కడేనా? ఇంటర్ స్థాయిలో ఆ లెక్క ఎవరైనా రెండు మూడు లైన్లలో చేసి చూపిస్తే చాలు.