చెర్రీ చెట్టు నిండా పూత, కాయ మాత్రం నిలవట్లేదు. ఏం చేయాలి?

పెరట్లో బింగ్ రకం తీపి చెర్రీ చెట్టు ఉంది, వయసు 6 ఏళ్లు. రెండేళ్లుగా కొమ్మ కనబడనంత పూత వస్తోంది. పిందెలు మాత్రం బఠాణీ గింజంత కాగానే పసుపు రంగుకు తిరిగి రాలిపోతున్నాయి. పోయినసారి చివరికి మిగిలినవి 11 పళ్లు, వాటిలోనూ సగం పిట్టల పాలు!

బింగ్ తన పుప్పొడితో తాను కాయదని, దగ్గర్లో సరిపడే వేరే రకం ఉండాలని ఆలస్యంగా తెలిసింది. నాకున్న చోటు ఒక్క చెట్టుకే. స్టెల్లా రకం కొమ్మను ఈ చెట్టుకే అంటు కడితే సరిపోతుందా? ఎవరైనా చేసి చూశారా? ఎన్నేళ్లకు పూసింది?

అసలు టెన్షన్ ఇంకోటి. కాండం మీద, నేలకు అడుగు ఎత్తులో, తేనె రంగు బంక కారుతోంది. కాస్త గీరి చూస్తే బెరడు లోపల గోధుమ రంగులో మెత్తబడి, పుల్లటి వాసన వస్తోంది. పురుగు రంధ్రాలు, పొట్టు ఏమీ లేవు. ఇది బాక్టీరియా వల్ల బెరడు కుళ్లే క్యాంకర్ తెగులేనా? తడి చలికాలంలో కొమ్మలు కత్తిరించాను, అదే కొంప ముంచిందేమో. ఆ భాగాన్ని చెక్కేయాలా, అలాగే వదిలేయాలా? ఆకు రాలే సమయంలో రాగి మందు కొట్టినవాళ్లు ఫలితం ఎలా ఉందో చెప్పండి. నీళ్లు తగ్గించమని మాత్రం చెప్పకండి, అది ఎప్పుడో చేశాను.