నల్లేరు మీద బండి నడక: పొగడ్తా, ఎత్తిపొడుపా?

గుంటూరు నుంచి (ప్రశ్న అడిగినవారు)

మా ఇంట్లో ఒక గొడవ తెగడం లేదు, మీరైనా తీర్చండి. 2022 ఖతర్ వరల్డ్ కప్‌లో స్పెయిన్ 7-0తో కోస్టారికాను కొట్టిన మ్యాచ్ హైలైట్స్ మళ్ళీ చూస్తున్నాం. నేను ‘నల్లేరు మీద బండి నడక’ అన్నాను. మా తమ్ముడు స్పెయిన్ వీరాభిమాని. వాడికి ఎక్కడో కాలింది. ‘ఏడు గోల్స్ కొడితే పొగడాల్సింది పోయి తీసిపారేస్తావేంటక్కా’ అంటాడు. నేను పొగిడాననే అనుకున్నాను మరి. నాది అర్జెంటీనా కాబట్టి కావాలని అన్నానని వాడి అనుమానం. ఇంతకీ ఈ మాట పొగడ్తా, ఎత్తిపొడుపా? ఇంకో సందేహం. పేపర్లలో ‘నల్లేరుపై నడక’ అనే కనిపిస్తుంది. బండి ఏమైంది?

హైదరాబాద్ నుంచి

నల్లేరు అంటే నల్లటి ఏరు కదండీ? నీళ్ళ మీద పడవ పోతుంది కానీ బండి ఎలా పోతుంది? చిన్నప్పటి నుంచి నాకు ఈ సామెతతో ఇదే ఇబ్బంది.

ప్రొద్దుటూరు నుంచి

ఏరు కాదండీ, తీగ. కంచెల మీద, రాళ్ళ గుట్టల మీద పాకుతుంది. కాడ గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది, గణుపు దగ్గర పట్టుకుంటే పుటుక్కున విరుగుతుంది. సంస్కృతంలో వజ్రవల్లి అంటారు. ఎముక విరిగితే అతుకుతుందని పల్లెల్లో దీనితో కట్టు కడతారు. లేత కాడలు కోసి నూనెలో బాగా వేయించి, చింతపండు గట్టిగా వేసి పచ్చడి నూరితే అన్నంలోకి ఇంకేం అక్కర్లేదు. కోసేటప్పుడు మాత్రం చేతులకు నూనె రాసుకోవాలి, లేకపోతే ఒకటే దురద. సామెతకు వస్తే, నేల మీద పాకిన నల్లేరు మీదికి బండి ఎక్కితే నీరు నిండిన కాడలు చక్రం కింద ఇట్టే చితికిపోతాయి. కుదుపు లేదు, ఎద్దులకు బరువు తెలీదు. అంతే సంగతి.

విజయవాడ నుంచి (స్పోర్ట్స్ పేజీ డెస్కులో పనిచేసి రిటైరైన వ్యక్తి)

తీగ సంగతి చక్కగా చెప్పారు. బండి సంగతి నేను చెబుతాను. సింగిల్ కాలమ్ హెడ్డింగ్‌లో ‘నల్లేరు మీద బండి నడక’ పట్టదు. ‘నల్లేరుపై నడక’ పడుతుంది. రాత్రి పదకొండు దాటాక పేజీ పెట్టేవాడికి అంతకు మించిన కారణం అక్కర్లేదు. రోజూ చూసి చూసి అందరికీ అదే అలవాటైంది. కానీ బండి దిగితే మిగిలేది మనిషి కాళ్ళు. పైన చెప్పిన దురద గుర్తుంది కదా? చెప్పుల్లేకుండా నల్లేరును తొక్కి చూడమనండి, అది ఎంత సుఖమో తెలుస్తుంది. పొట్టి రూపం వాడుకలో నిలబడిపోయింది, దాన్ని తప్పు అనను. నా కలం నుంచి మాత్రం బండితో సహా వస్తుంది.

అసలు ప్రశ్న పొగడ్తా కాదా అన్నది. సామెతను ఒకసారి నెమ్మదిగా చదవండి. బండి గట్టిదని గానీ, ఎద్దులు బలమైనవని గానీ, తోలేవాడు నేర్పరి అని గానీ అందులో ఎక్కడైనా ఉందా? ఉన్నదల్లా దారి మెత్తన అని. అంటే గెలిచినవాడి గురించి ఈ సామెత నోరు విప్పదు, ఓడినవాడి గురించే చెబుతుంది. మీరు స్పెయిన్‌ను పొగిడానని అనుకున్నారు, నిజానికి కోస్టారికా మీద తీర్పు చెప్పారు. మీ తమ్ముడి కోపంలో న్యాయం ఉంది.

పైగా ఆ తీర్పు నిలబడుతుందా? స్పెయిన్, జర్మనీ, జపాన్, కోస్టారికా ఉన్న ఆ గ్రూప్ సంగతి చూడండి. నవంబర్ 23న స్పెయిన్ మీద కోస్టారికా గోల్ వైపు ఒక్క షాట్ కూడా కొట్టలేకపోయింది. అదే రోజు జపాన్ 2-1తో జర్మనీకి షాక్ ఇచ్చింది. నాలుగు రోజులు తిరగలేదు, అదే కోస్టారికా జపాన్‌ను 1-0తో ఓడించింది. 81వ నిమిషంలో ఫుల్లర్ గోల్. జర్మనీని పడగొట్టిన బండి మీరు నల్లేరు అన్న చోట దిగబడింది! డిసెంబర్ 1న జపాన్ మళ్ళీ లేచి స్పెయిన్‌ను 2-1తో కొట్టింది. దీనికి మన దగ్గర సరిగ్గా సరిపోయే మాట వేరే ఉంది: తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు.

బెంగళూరు నుంచి

నేనే ఆ తమ్ముణ్ణి. సార్, థ్యాంక్స్. అక్కా, చదివావా?

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఏడు గోల్స్ లేకపోతే స్పెయిన్ పరిస్థితి చాలా టెన్షన్‌గా ఉండేది. గ్రూప్ చివర్లో స్పెయిన్‌కు 4 పాయింట్లు, జర్మనీకి 4 పాయింట్లు. గోల్ తేడాలో స్పెయిన్ ప్లస్ 6, జర్మనీ ప్లస్ 1. జర్మనీ ఇంటికి, మేము తర్వాతి రౌండ్‌కు. మెత్తటి దారి దొరికిందని నిద్రపోతూ బండి తోలినవాళ్ళకు ఏడు గోల్స్ రావు.

జర్మనీ అభిమాని, విశాఖ నుంచి

పుండు మీద కారం చల్లారు. మాకు కూడా కోస్టారికా నల్లేరు కాలేదని గుర్తు చేస్తున్నా. చివరి మ్యాచ్‌లో 70వ నిమిషానికి మేము 1-2తో వెనకబడ్డాం. రెండో గోల్ మా గోల్‌కీపర్ నోయర్ కాలికి తగిలి సొంత గోల్‌గా పడింది. ఆ రెండు మూడు నిమిషాలు పట్టికలో జపాన్, కోస్టారికా పైన ఉన్నాయి. స్పెయిన్, జర్మనీ రెండూ అవుట్! చివరికి 4-2తో గెలిచాం. ఏం లాభం, 2018లో లాగే గ్రూప్‌లోనే ముగిసింది.

అయినా తమ్ముడు అంత మురిసిపోనక్కర్లేదు. తర్వాతి రౌండ్‌లో స్పెయిన్ మొరాకో మీద వెయ్యికి పైగా పాస్‌లు ఇచ్చి ఒక్క గోల్ కొట్టలేదు. పెనాల్టీ షూటౌట్‌లో కూడా మూడు కిక్కులకు సున్నా. కొండను తవ్వి ఎలుకను పట్టారని అందామంటే ఎలుక కూడా దొరకలేదు.

నిజామాబాద్ నుంచి

మంచి చర్చ. నాదొక చిన్న ప్రశ్న. మ్యాచ్ మొదలవక ముందే ‘ఫలానా జట్టుకు నల్లేరు మీద బండి నడకే’ అని రాస్తుంటారు, అది సరైన వాడుకేనా? అర్జెంటీనా, సౌదీ మ్యాచ్‌కు ముందు మేమందరం గ్రూపుల్లో అదే రాసుకున్నాం.

విజయవాడ నుంచి

వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు, ‘నడకే’ అన్నప్పుడు అది అంచనా. కానీ బండి ఎక్కేదాకా అది నల్లేరో పల్లేరో తెలియదు కదండీ! పల్లేరు కాయ గుచ్చుకున్నవాళ్ళకు తేడా చెప్పక్కర్లేదు. 2022 నవంబర్ 22న లుసైల్‌లో అచ్చంగా అదే జరిగింది. అర్జెంటీనా 36 మ్యాచ్‌లు ఓటమి లేకుండా వచ్చింది. 10వ నిమిషంలో మెస్సీ పెనాల్టీ. తర్వాత మొదటి సగంలోనే మూడుసార్లు బంతి నెట్‌లో పడింది, మూడుసార్లూ ఆఫ్‌సైడ్, అంటే పాస్ వచ్చేసరికే మనవాడు డిఫెన్స్‌ను దాటి ముందున్నాడని గోల్ చెల్లలేదు. సౌదీ కోచ్ ఎర్వే రెనార్ తన డిఫెన్స్‌ను మైదానం మధ్య దాకా ముందుకు జరిపి నిలబెట్టాడు. వెనక అంత ఖాళీ కనిపిస్తుంటే ఎవరికైనా మెత్తటి దారి లాగే ఉంటుంది, పరుగెత్తినవాడికల్లా జెండా లేచింది. రెండో సగం మొదలైన పది నిమిషాల్లోపే అల్ షెహ్రీ, అల్ దవ్సారీ చెరొక గోల్. 2-1.

ఇందులో కూడా దారి ఎప్పటికీ ఒకేలా ఉంటుందని అనుకోకండి. అదే సౌదీ తర్వాత పోలండ్ చేతిలో, మెక్సికో చేతిలో ఓడి గ్రూప్‌లో అడుగున నిలిచింది.

సికింద్రాబాద్ నుంచి

మీరంతా ఖతర్ దగ్గరే ఆగిపోయారు. మా పాతకాలం వాళ్ళకు టోర్నమెంట్ అంటే 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్. హైదరాబాద్ రహీమ్ సాబ్ కోచ్, మా సికింద్రాబాద్ బలరాం జట్టులో ఉన్నాడు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. ఫైనల్లో మళ్ళీ అదే కొరియా. తలకు కుట్లతో జర్నైల్ సింగ్‌ను రహీమ్ సాబ్ డిఫెన్స్ నుంచి తీసి ఫార్వర్డ్‌గా ఆడించాడు. స్టేడియం అంతా మనవాళ్ళను గేలి చేస్తోంది, ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదని మన ప్రతినిధి సోంధీ విమర్శించినందుకు అక్కడివాళ్ళకు కోపం. పీకే బెనర్జీ ఒకటి, ఆ కుట్ల తలతోనే జర్నైల్ ఒకటి. 2-1, బంగారు పతకం. స్కోరు చూసి ‘ఇండియా గెలిచింది’ అంటే సరిపోతుంది, దానికి ఏ బండీ ఏ తీగా వద్దు.

గుంటూరు నుంచి

సరే, స్పెయిన్ సంగతి ఒప్పుకుంటాను. ఇక నా జట్టు సంగతి చెప్పండి. క్వార్టర్స్‌లో నెదర్లాండ్స్ మీద అర్జెంటీనా గెలిచినప్పుడు ఇదే తమ్ముడు ‘చావు తప్పి కన్ను లొట్టబోయింది’ అని స్టేటస్ పెట్టాడు. కన్ను ఎక్కడ పోయింది? గెలిచాం, కప్పు కూడా తెచ్చుకున్నాం!

విజయవాడ నుంచి

ఆ సామెతలో రెండు ముక్కలున్నాయి. చావు తప్పాలి, నష్టం కూడా మిగలాలి. ఊరికే ఉత్కంఠగా గెలిస్తే ‘గండం గడిచింది’ అంటే చాలు. మీ మ్యాచ్‌లో చావు తప్పడానికి లోటు లేదు: 2-0 ఆధిక్యంలో ఉండగా 83వ నిమిషంలో నెదర్లాండ్స్ ఆటగాడు వెగోర్స్ట్ ఒకటి, 90 నిమిషాల తర్వాత కలిపిన ఇంజురీ టైమ్ పదకొండో నిమిషంలో ఫ్రీకిక్ నుంచి అతనిదే ఇంకొకటి, చివరికి షూటౌట్‌లో 4-3. ఇక కన్ను అంటారా, ఆ రోజు రెఫరీ పసుపు కార్డులు పంచిపెట్టిన తీరుకి అకూన్యా, మోంటియెల్ ఇద్దరూ సెమీస్‌కు దూరమయ్యారు. ఇద్దరూ డిఫెన్స్‌లో వాళ్ళే. నా లెక్కలో అది కన్నే. స్టేటస్ సరిగ్గానే ఉంది.

గుంటూరు నుంచి

ఆ మోంటియెల్లే కదండీ ఫైనల్లో ఆఖరి పెనాల్టీ కొట్టి కప్పు తెచ్చింది!

విజయవాడ నుంచి

కన్ను తిరిగొచ్చిందని వేరే సామెత కట్టుకోవచ్చు. ఈ సామెత ఆ రాత్రి సంగతే చెబుతుంది.

కాకినాడ నుంచి

ఒక చిక్కు ప్రశ్న. 2014 జులై 8, బెలో హొరిజోంతే. జర్మనీ 7, బ్రెజిల్ 1. బ్రెజిల్‌కు నేమార్ గాయంతో లేడు, తియాగో సిల్వా సస్పెన్షన్‌లో ఉన్నాడు. అది నల్లేరు మీద బండి నడక అవుతుందా?

విజయవాడ నుంచి

సొంత గడ్డ మీద బ్రెజిల్‌ను, అదీ సెమీస్‌లో, నల్లేరు అనడానికి నాకు నోరు రాదు. దానికి ‘చీల్చి చెండాడారు’ అనాలి. ఆ మాటలో చేసినవాడి బలం ఉంది. అయితే ఒక మెలిక. 23వ నిమిషం నుంచి 29వ నిమిషం లోపు నాలుగు గోల్స్ పడి 5-0 అయింది. అక్కడి నుంచి మిగిలిన గంట ఆట మాత్రం నిస్సందేహంగా నల్లేరే. గట్టి నేలను మెత్తగా చేసుకున్నది ఆ బండే. అలాంటి దానికి సామెతలో చోటు లేదు.

బెంగళూరు నుంచి

మరి స్పెయిన్ చేసిందీ అదే కదా సార్? 11వ నిమిషంలో ఓల్మో, 21లో అసెన్సియో, 31లో ఫెరాన్ టోరెస్ పెనాల్టీ. అరగంటలో 3-0. అక్కా, ఇక నుంచి మా మ్యాచ్‌కు ‘చీల్చి చెండాడారు’ అనాలి. లేదు, నల్లేరే అంటావా, సరే. అయితే సెమీస్‌లో మీ అర్జెంటీనా 3-0తో క్రొయేషియాను కొట్టింది కదా, దానికీ నల్లేరు మీద బండి నడక అనే రాయి. రూల్ అందరికీ ఒకటే.

గుంటూరు నుంచి

క్రొయేషియా నల్లేరా? అంతకు ముందు మ్యాచ్‌లోనే బ్రెజిల్‌ను ఇంటికి పంపి వచ్చినవాళ్ళురా వాళ్ళు! మేము కష్టపడి గెలిచాం. మాట తూచి వాడు.