20 రోజుల కాకటీల్ (చిన్న రకం చిలుక) పిల్ల పాములా బుసకొడుతోంది, క్రాప్ (మెడ కింద మేత నిలిచే సంచి) కూడా ఖాళీ కావట్లేదు

పిట్టగూడు (మారతహళ్లి, బెంగళూరు):
కాకటీల్ పిల్లకు 20 రోజులు, బరువు 64 గ్రాములు. రోజుకు నాలుగుసార్లు 6 మి.లీ. చొప్పున ఫార్ములా (పక్షి పిల్లలకు కలిపి పట్టే మేత పొడి) సిరంజితో పడుతున్నాను. డబ్బాలో చెయ్యి పెడితే చాలు, అటూ ఇటూ ఊగుతూ బుసకొడుతోంది. రెండు రోజులుగా రాత్రి 10కి పట్టిన మేత పొద్దున 6కి కూడా క్రాప్‌లో సగం అలాగే ఉంటోంది. ఫార్ములా త్వరగా అయిపోతోందని పసిపిల్లలకు పెట్టే పాలు కలిసిన గోధుమ పొడి సగానికి సగం కలుపుతున్నాను. ఊగడానికీ అరక్కపోవడానికీ సంబంధం ఉందా?

రెక్కలచప్పుడు:
రెండూ వేరండి. ఊగడం జబ్బు కాదు. ఇవి చెట్టు తొర్రలో పుట్టే పిట్టలు. చీకట్లోకి ఏదో చొరబడితే పారిపోలేని పిల్ల బుసకొట్టి బెదిరిస్తుంది. మూత తీసే ముందు రోజూ ఒకే మాటతో పిలవండి. చేతిని గద్దలా పైనుంచి దించకుండా పక్కనుంచి పెట్టండి. కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఊపిరికి తోక ఎగిరెగిరి పడుతుంటే మాత్రం ఆ పూటే డాక్టరుకు చూపించాలి.

జొన్నకంకి:
తొందరపడాల్సింది క్రాప్ విషయంలో. ముందు ఆ గోధుమ పొడి ఆపేయండి, పాలలోని లాక్టోజ్ పక్షులకు అరగదు.

తర్వాత చలి. డిసెంబరు రాత్రుల్లో బెంగళూరు 15–16 డిగ్రీలకు దిగుతుంది. ఈకలు ఇంకా ముళ్లలా ఉన్న ఈ వయసుకు డబ్బాలో 29–30 డిగ్రీలు కావాలి. ఒళ్లు చల్లబడితే క్రాప్ కదలదు. థర్మామీటరు మూతకు కాదు, పిల్ల పడుకునే ఎత్తులో పెట్టండి. వేడికి పెట్టే బల్బు ఒక మూలనే ఉంటే, వేడెక్కినప్పుడు పిల్ల రెండో మూలకు జరుగుతుంది.

మేత 40–41 డిగ్రీలు ఉండాలి, వేలితో కాదు, థర్మామీటరుతో చూడాలి. చల్లారితే అరుగుదల మందగిస్తుంది, 43 దాటితే క్రాప్ లోపల కాలుతుంది. మైక్రోవేవ్ అసలు వద్దు, పైన గోరువెచ్చగా ఉన్నా మధ్యలో కాలే ముద్దలు ఉంటాయి. గిన్నెను వేడినీళ్ల పళ్లెంలో ఉంచితే చివరి సిరంజి దాకా వేడి నిలుస్తుంది.

పాత మేత మీద కొత్తది పోయకండి, పులిసి ఈస్ట్ పెరుగుతుంది. ఇప్పటికి 2 మి.లీ. గోరువెచ్చని నీళ్లు పట్టి, క్రాప్‌ను వేలికొసతో మెత్తగా నిమిరి, మూడు గంటలు ఆగండి. అప్పటికీ దిగకపోయినా, నోట్లో పులిసిన దోసెపిండి వాసన వచ్చినా ఇంటి వైద్యాలు చేయొద్దు, హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రికో, పక్షుల డాక్టరు దగ్గరికో తీసుకెళ్లండి. తలకిందులు చేసి కక్కించొద్దు. మేత గాలిగొట్టంలోకి పోతే పిల్ల దక్కదు.

పిట్టగూడు:
కొలిచాను. మూత దగ్గర 30, అడుగున 24! బల్బు కిందికి దించాను. నీళ్లు పట్టాక రెండున్నర గంటల్లో క్రాప్ చదునయింది, వాసన లేదు. సిరంజి ఎటునుంచి పెట్టాలి?

రెక్కలచప్పుడు:
పిల్ల ఎడమవైపు నోటి మూలనుంచి దాని కుడివైపుకు. అన్నవాహిక మెడకు కుడిపక్కన ఉంటుంది. తల గబగబా ఊపుతూ మింగుతున్నప్పుడే నొక్కండి, అది ఆగితే మీరూ ఆగండి. ఈ పూట పలచగా 3 మి.లీ. చాలు. తర్వాత బరువులో పదోవంతు దాటకండి, అంటే ఇప్పుడు పడుతున్న 6 సరిపోతుంది. రోజూ పొద్దున మేతకు ముందు తూచి రాసుకోండి. వరసగా రెండు రోజులు బరువు పెరగకపోతే, క్రాప్ ఖాళీ అవుతున్నా సరే, డాక్టరుకు చూపించండి.