అత్తగారిని కనిపెట్టుకునే గంటలకు వెల ఎలా కట్టాలి?

నమస్కారమండీ. మాది పర్లాకిమిడి. ఎంఏ ఎకనామిక్స్ ప్రాజెక్టు కోసం డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దల ఇళ్లకెళ్లి ఖర్చులు అడిగి రాసుకుంటున్నాను. మందులు, విశాఖపట్నం రానుపోను ఛార్జీలు గడగడా చెబుతున్నారు. చాకిరీ సంగతెత్తితే మాత్రం "ఇంట్లో పనికి ఖర్చేంటమ్మా?" అంటున్నారు. 2019లో డిమెన్షియాకి ప్రపంచం మొత్తమ్మీద అయిన ఖర్చు 1.3 లక్షల కోట్ల డాలర్లయితే, అందులో సుమారు సగం ఇంటివాళ్ల చాకిరీదేనని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క మరి!

ఒకావిడ అత్తగారి కోసం కుట్టుమిషను మూలన పెట్టేసింది. ఆవిడ పోగొట్టుకున్న కుట్టుకూలి వేసుకోవాలా, ఆయాను పెట్టుకుంటే ఇవ్వాల్సిన జీతమా? (ఇక్కడ ఆయాలు దొరికితేగా!) వంట చేస్తూనే, అత్తగారు బయటికి వెళ్లిపోకుండా గుమ్మం మీద ఓ కన్నేసి ఉంచే గంటల్నీ కలపాలా, విడిగా చూపాలా? ఇలాంటి సర్వే చేసినవాళ్లుంటే కాస్త చెప్పండి.