సకినాలు ఏ విభాగంలో పెట్టాలి?

ఓరుగల్లు_పిండివంటలు:
హన్మకొండలో మా మహిళా సంఘం చేసే పిండివంటలు, పచ్చళ్లు, కారాలు ఆన్‌లైన్‌లో పెడుతున్నాం. విభాగాల దగ్గరే ఆగిపోయాం. దినుసును బట్టి పెట్టాలా, చేసే తీరును బట్టి పెట్టాలా? సకినాలను బియ్యప్పిండి పక్కన పెడితే ఎవరికీ కనబడవేమోనని టెన్షన్.

కాజీపేట_కోడర్:
దినుసే నయం అక్కా. అది మారదు. పల్లీలు పడనివాళ్లు ఆ విభాగం జోలికే పోరు. పండుగల పేర్లతో పెడితే సంక్రాంతి దాటగానే సగం ఖాళీ.

మిర్చి_యార్డు:
పండుగల సంగతి ఒప్పుకుంటా తమ్ముడూ, దినుసు సంగతి ఒప్పుకోను. కోడెక్స్ అని, దేశాలన్నీ కలిసి ఆహార ప్రమాణాలు పెట్టుకునే సంస్థ ఉంది, దాని ఆహార పట్టికనే చూడు. మొత్తం 16 విభాగాలు. పచ్చి పల్లీలు కూరగాయలతో పాటు 4లో ఉంటాయి, వేయించి ఉప్పేస్తే 15లోకి పోతాయి. పచ్చిమిర్చి 4, ఎండబెట్టి కారం పట్టిస్తే 12. ఏ ఆహారంలో ఏ రంగు, ఏ ప్రిజర్వేటివ్ ఎంత కలపొచ్చో చెప్పడానికి చేసిన పట్టిక అది. లేబుల్ మీద వేసే పేర్ల కోసం కాదని అందులోనే రాసి ఉంది. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా ఆ పద్ధతినే తీసుకుంది. కాబట్టి ఆ నంబర్లు మీ రికార్డులో ఉంచండి, కొనేవాళ్లకు చూపొద్దు.

మన చపాటా మిర్చినే తీసుకోండి. టమాటాలా గుండ్రంగా ఉంటుంది, రంగు ఎక్కువ, కారం తక్కువ. 2025లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకేనని ఇచ్చేది) వచ్చాక పేరు పెట్టి అడుగుతున్నారు. అదే మిర్చి ఎండుకాయ, కారం, పచ్చడి అయి మూడు చోట్ల ఉంటుంది. అందుకని చపాటా అనేది విభాగం కాకూడదు, ట్యాగ్ కావాలి, అంటే ఏ విభాగంలో ఉన్నా సరుకుకు తగిలించే గుర్తు. పల్లీలూ అంతే. విభాగం మాత్రం ఇంటికి తెచ్చుకున్నాక ఏం చేస్తారన్న దాన్ని బట్టి పెట్టండి: అట్లాగే తినేవి, అన్నంలో కలుపుకునేవి, వంటలో వేసేవి.

ఓరుగల్లు_పిండివంటలు:
మరి చల్ల మిరపకాయలు? పుల్లటి మజ్జిగలో నానబెట్టి ఎండబెడతాం. మూడింట్లో దేనికీ అందవు. ‘ఇతరములు’ అని ఒకటి పెట్టనా?

మిర్చి_యార్డు:
వద్దే వద్దు అక్కా. ఆలోచించడానికి ఓపిక లేనప్పుడల్లా ప్రతి సరుకూ అందులోకే పోతుంది. ‘వేయించుకునేవి’ అని పెట్టండి, వడియాలు, అప్పడాలు కూడా అక్కడికే వస్తాయి.

కాజీపేట_కోడర్:
అది బాగుంది. కానీ పల్లీల ట్యాగ్‌ను మాత్రం ఎవరి ఇష్టానికీ వదలొద్దు. ఆ గడి నింపందే సరుకు సేవ్ కాకుండా చేయాలి. చేగోడీలు పల్లీనూనెలో వేయించినా సరే, అది అక్కడ కనబడాలి.