పాత క్యాంపర్ వ్యాన్: బాగు చేయించాలా, మార్చాలా, వదిలించుకోవాలా?

ఇల్లుచక్రాలు:
మా క్యాంపర్ వ్యాన్‌కి (లోపలే వండుకుని పడుకునే వీలున్న బండి) 23 ఏళ్లు. డీజిల్ బండి, 2,10,000 కిలోమీటర్లు తిరిగింది. క్లచ్ జారుతోంది, వెనక చక్రాల పైన తుప్పు కనిపిస్తోంది, పైకప్పు కిటికీ పక్కన తడి మరక వచ్చింది. ఇంట్లో ముగ్గురం, మూడు మాటలు. బాగు చేయిద్దామని నేను. మంచం, అల్మరాలు విప్పి కాస్త కొత్తదైన ఖాళీ వ్యాన్‌లో బిగిద్దామని మా ఆయన. ఇంజిన్ తీసేసి ఎలక్ట్రిక్ చేద్దామని మా అబ్బాయి. క్లచ్ పనికి ఇచ్చేలోగా తేల్చుకోవాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కొత్తబండిమేలు:
అమ్మేయండి. క్లచ్ అయ్యాక టైమింగ్ బెల్ట్ అంటారు, తర్వాత రేడియేటర్, ఆ తర్వాత బ్రేక్ పైపులు. "ఈ ఒక్కటీ అయితే చాలు" అనుకుంటూ నేను నాలుగేళ్లు గడిపాను. సెలవు పెట్టుకుని వెళ్లి రోడ్డు పక్కన టో ట్రక్కు కోసం కూర్చోవడం మొదటిసారి సరదాగానే ఉంటుంది. మూడోసారి ఇంట్లోవాళ్లు బండే ఎక్కరు.

పానాపెట్టె:
పై వారు చెప్పినవన్నీ అరిగే సామాన్లండీ, ఏ బండికైనా ఏదో ఒకనాడు మార్చాల్సిందే. క్లచ్ మారిస్తే మాత్రం గేర్‌బాక్స్ దించినప్పుడే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని విడదీసేది), ఇంజిన్ క్రాంక్ వెనక ఆయిల్ కారకుండా ఆపే సీల్ కూడా వేయించండి. వాటికోసం మళ్లీ దించితే కూలి రెండింతలు.

అసలు చూడాల్సింది బాడీ. బండిని గట్టి స్టాండ్ల మీద నిలబెట్టి (ఒక్క జాక్‌ని నమ్మి కిందికి దూరకండి), పాత స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. తలుపుల కింది అంచులు, చక్రాల గూళ్లు, స్ప్రింగులు పట్టుకునే చోట్లు, సీటుబెల్టు బిగించిన చోట్లు. టక్కుమని ఆగితే పైపై తుప్పే, గీకి ప్రైమర్ వేయొచ్చు. మొన దిగిపోతే రేకు కోసి వెల్డింగ్ చేయాలి. అడుగున మందంగా నల్ల పూత కనిపిస్తే మురిసిపోకండి, అది పైన పటారం లోన లొటారం కావచ్చు. పూత ఒక్కచోట పగిలినా నీరు దాని వెనక చేరి, ఎవరికీ కనపడకుండా తింటుంది.

ఆ తడి మరక నాకు క్లచ్ కంటే ఎక్కువ టెన్షన్ పెడుతోంది. ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీద పెట్టెలా కట్టిన బాడీ అయితే పాతవాటిలో గోడల లోపల చెక్క చట్రం ఉంటుంది. తేమ మీటర్ 20 శాతం దాటితే అనుమానించాలి, 30 దాటితే చెక్క కుళ్లడం మొదలైందనుకోవచ్చు. మీది మొత్తం రేకు వ్యానే అయితే, ఇన్సులేషన్ (ఎండ, చలి ఆపే లోపలి పొర) వెనక నీరు నిలిచి లోపలినుంచి తుప్పు పడుతుంది.

బ్యాటరీబండి:
నేను అబ్బాయి పక్షం. అయినా లెక్క దాచను. వ్యాన్ నిటారు ముఖంతో గాలిని తోసుకుంటూ పోతుంది. నూరు కిలోమీటర్లకు 30 యూనిట్లు తింటుందనుకుంటే, 45 యూనిట్ల బ్యాటరీతో 150 కిలోమీటర్లు. రోజుకు వంద నడిపి రెండు రోజులు ఆగేవాళ్లకు చాలు. ఎక్కువ దూరం వెళ్లేవాళ్లకు చాలదు.

పానాపెట్టె:
ఆ బ్యాటరీ దాదాపు మూడు వందల కిలోలు ఉంటుంది కదా. ఇంజిన్, ట్యాంకు తీసేసినా, బండి మోయగల గరిష్ఠ బరువులో మనుషులకూ సామానుకూ ఎంత మిగులుతుందో చూడాలి. ఇల్లుచక్రాలు గారూ, నీళ్లు, సామాను నింపి ఒకసారి కాటా మీద తూయించండి. వంద లీటర్ల నీళ్లే వంద కిలోలు.

నెమ్మదిప్రయాణం:
మీ ఆయన చెప్పింది నేను చేసి చూశాను. మూడు నెలల పని అనుకుంటే ఏడు నెలలు పట్టింది. పాత వ్యాన్ గోడ వంపుకు తగ్గట్టు కోసిన అల్మరా కొత్తదాంట్లో ఏ మూలా కూర్చోలేదు. చివరికి అటునుంచి ఇటు వచ్చినవి సింకు, పొయ్యి, రెండు పరుపులు. మారిస్తే గోడలు నిటారుగా ఉన్న వ్యాన్ చూడండి. ఫియట్ డుకాటో అనే వ్యాన్‌ను చాలామంది ఎంచుకునేది అందుకే, మంచం అడ్డంగా పడుతుంది. గ్యాస్ గొట్టం, రెగ్యులేటర్ మాత్రం పాతవి పెట్టకండి. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే అడుగునే చేరుతుంది కాబట్టి నేలలో గాలి రంధ్రం తప్పనిసరి.

కొత్తబండిమేలు:
చూశారా, అన్ని దారులూ గ్యారేజీకే పోతున్నాయి!

పానాపెట్టె:
మీరు చెప్పే "కొత్తది" కూడా ఎవరో వాడి అమ్మిందే అయితే, దాని జబ్బులు అమ్మినవాడికే తెలుసు. ఈవిడ బండి జబ్బులు ఈవిడకు తెలుసు.

ఇల్లుచక్రాలు:
ఆదివారం చూశాం. ఎడమ వెనక చక్రం గూట్లో స్క్రూడ్రైవర్ దిగింది, అరచేయంత మేర. ఛాసిస్ గట్టిగానే ఉంది. మాది రేకు వ్యానే. కిటికీ చుట్టూ సీలెంట్ ఎండి పగిలింది, పక్కనున్న ప్లైవుడ్ మీద మీటర్ 24 చూపించింది. కాటా మీద మేం ఎక్కకముందే గరిష్ఠ బరువుకు 190 కిలోలే తక్కువ. ముగ్గురం ఎక్కితే దాటిపోతాం. అబ్బాయి చల్లబడ్డాడు, ఇప్పుడు ఏ సామాను దించాలన్నది ఇంకో గొడవ. నేను వెల్డింగ్, క్లచ్ రెండూ చేయిద్దామంటున్నా. మా ఆయన మాత్రం అల్మరా విప్పి వెనక రేకు చూశాకే మాట్లాడదామంటున్నారు.

పానాపెట్టె:
ఆయన మాట వినండి. వెల్డింగ్‌కి ఎలాగూ ఆ పక్క అల్మరా, ఇన్సులేషన్ తీయాలి, లేకపోతే నిప్పంటుకుంటుంది. గ్యాస్ సిలిండర్ బయట పెట్టండి, బ్యాటరీ తీగలు ఊడదీయండి. విప్పేముందు ఫోటోలు తీసుకోండి, ఏ స్క్రూ ఎక్కడిదో తర్వాత గుర్తుండదు.