రాయలవారి స్కిట్: బెల్టులు, కత్తి ఒరలు, తోలు సామాన్లు - తిరుపతి నుంచి ఏం తెస్తా, డాలస్‌లో ఏం కొనాలి

అందరికీ నమస్తే. నేను ఇప్పుడు తిరుపతిలో అమ్మావాళ్ళింట్లో ఉండా, నెలాఖరుకి డాలస్ వచ్చేస్తా, అందుకే ఉగాది ప్రోగ్రామ్‌కి కాస్ట్యూమ్స్‌లో తోలు సామాన్ల సంగతి ఇప్పుడే తేల్చేద్దాం, నేను బయల్దేరినాక గుర్తొస్తే ఎవరూ ఏం చెయ్యలేం.

ముందు ఒక మాట. షీట్‌లో ఎవరో రాయలవారి పేరు ఎదురుగా "లెదర్ బెల్ట్, లెదర్ బూట్లు" అని రాసినారు. దయచేసి తీసేయండి. మన స్కిట్ శ్రీకృష్ణదేవరాయలు తిరుమలకి వచ్చే సీను కదా, 1513లో మొదటిసారి, 1521 లోపల మొత్తం ఏడుసార్లు వచ్చినాడాయన. కొండ మీద మహద్వారం దాటంగానే కుడిచేతి వైపు మంటపంలో ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడి ఉంటాడు, మనమందరం క్యూలో తోసుకుంటా పక్కనుంచే పోతాం గానీ నిలబడి చూసినోళ్ళు తక్కువ. ఈసారి నేను బాగా గమనించి చూసినా. ఒంటి మీద చొక్కా లేదు, పంచె, నగలు, తల మీద పొడుగు కుళ్లాయి, అంతే, బకిల్ బెల్టు అనేదే లేదు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు ఆయన డొమింగో పేస్ కూడా రాయల్ని చూసి రాసినాడు, బంగారు గులాబీలు కుట్టిన తెల్లబట్టలు, జరీ టోపీ, కాళ్ళకి చెప్పుల్లేవు అని. కాబట్టి మన రాయలు ఉత్తకాళ్ళతోనే రావాలి, నడుముకి పట్టు దట్టీ, దాని మీద వడ్డాణం. తిమ్మరుసుకీ అంతే.

తోలు ఎవరికి కావాలంటే సైనికులకి. అదే పేస్ రాసినాడు, గుర్రపు దళం వాళ్ళు తోలు పొరలు పెట్టి కుట్టిన అంగీలు వేసుకునేవాళ్ళు, పైన వెల్వెట్టు, జరీ, లోపల ఇనుప రేకులు, నడుముకి కత్తీ చిన్న గండ్రగొడ్డలీ ఉండేవని. అంటే మన ఎనిమిది మంది సైనికుల నడుం మీదే మొత్తం షో ఉంది. అంగీలు బొంత కుట్టినట్టు దూది పెట్టి కుట్టించేద్దాం, అది ఇక్కడ టైలర్ చేస్తానన్నాడు. బెల్టులు మాత్రం నిజం తోలువే ఉండాలని నా అభిప్రాయం, ఎందుకంటే కత్తి బరువు మోసేది అదే, డాన్సులో లాగుడు పడేదీ దానికే.

పోయినసారి ఆన్‌లైన్‌లో తెప్పించిన సెట్ ఏమైందో అందరూ చూసినారు, రిహార్సల్లోనే పొట్టు పొట్టుగా రాలిపోయింది. అది తోలు పొడిని జిగురుతో అంటించి షీట్ చేసి పైన ప్లాస్టిక్ పూత వేసిన రకం. దాని మీద కూడా లెదర్ అనే రాసి అమ్ముతారు. కోసిన అంచు చూస్తే తెలిసిపోతుందప్పా, నిజం తోలు అంచులో నార నారగా, పొరలు లేకుండా ఒకటే ముద్దగా కనిపిస్తుంది, అంటించిందైతే పొరలు పొరలుగా, ఒక్కోసారి మధ్యలో గుడ్డ కూడా కనిపిస్తుంది.

నిన్న గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు తిరిగొచ్చినా. ప్యాంటు బెల్టులు కావలసినన్ని ఉండాయి గానీ అవి ఒకటిన్నర ఇంచీ వెడల్పు, మనకి రెండించీలు కావాలి, దూది అంగీ మీద సన్న బెల్టు అసలు కనపడదు. ఒక వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన కూర్చోనుంటే ఆయన్ని అడిగినా. ఆయన నా చేతిలో ఉన్న శాంపిల్ తీసుకుని, మడిచి, గోరుతో అంచు గీకి, తడి తెల్లగుడ్డ పెట్టి గట్టిగా రుద్దినాడు. గుడ్డకి ఎర్రమన్ను రంగు అంటుకుంది. "ఇది పంచె మీద కడితే పంచె పాయె సామీ" అన్నాడు. ఎవరు ఎక్కడ కొన్నా ఈ ఒక్క పరీక్ష చెయ్యండి, స్టేజీ లైట్ల కింద చెమట పడితే ఆ రంగంతా బట్టలకి దిగుతుంది. తోలు తెచ్చిస్తే పట్టీలు కోసి, ఆరెతో బెజ్జాలు పెట్టి, చేత్తో కుట్టిస్తానన్నాడు. ఆయన చేతే చేయించాలని నాకు గట్టిగా ఉంది.

తోలు కోసం సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై పోయొస్తా, సెంట్రల్ పక్కనే పెరియమేట్, అక్కడంతా తోలు అంగళ్ళే. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి నుంచి వచ్చే సరుకు. వాళ్ళు మందం మిల్లీమీటర్లలో చెప్తారు, బెల్టుకి మూడున్నర సరిపోతుంది. పాతకాలంలో మన వైపు తంగేడు చెక్కతో తోలు ఊనేవాళ్ళు, అంటే పచ్చితోలు కుళ్ళకుండా పదును చేసేవాళ్ళు, ఇప్పుడు దొరికేది వేరే చెక్కల రసంతో చేసింది, కానీ అదే రకం, గట్టిగా ఉంటుంది, వాడేకొద్దీ రంగు ముదురుతుంది.

పూజ కమిటీ నుంచి: పొద్దున అదే స్టేజ్ మీద స్వామివారి కల్యాణం ఉందండీ. తోలు సామాన్లు అక్కడ పెట్టకుండా చూడండి ప్లీజ్. ఇంకోటి, ఇద్దరు ముగ్గురు ఆవు తోలు అయితే మేం కట్టుకోమంటున్నారు.

రెండూ కరెక్టే అండీ. తోలు పెట్టె గ్రీన్‌రూమ్‌లోనే ఉంటుంది, కల్యాణం అయిపోయి మండపం తీసేసేదాకా బయటికి రాదు, తాళం నా దగ్గరే. తోలు నేను గేదెదే అడిగి తీసుకుంటా, బిల్లు మీద రాయించుకుంటా. అసలు తోలే వద్దనేవాళ్ళకి నవారు ఉంది కదా, మంచాలకి అల్లే నవారు, రెండు మడతలు వేసి కుట్టి, పైన రెక్సిన్ పట్టీ వేస్తే పది అడుగుల దూరం నుంచి ఎవరికీ తేడా తెలీదు, బరువు కూడా బాగా ఆపుతుంది. ఎవరికి అది కావాలో పేరు రాయండి, ఎందుకని ఎవరూ అడగరు.

పిల్లల బ్యాచ్ చూసే అక్క: మా పన్నెండు మందికీ బకిల్స్ వద్దమ్మా, బాత్రూమ్‌కి పోవాలంటే ఒక్కొక్కరికీ మనమే విప్పాలి.

అవునక్కా, పిల్లలకి మొత్తం గుడ్డ దట్టీలే, వెనకాల వెల్క్రో. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ తెస్తా, అంచు పూలు బాగుంటాయి.

స్టేజ్ టీమ్ నుంచి: కత్తి ఒర కాళ్ళకి తగిలి ఇద్దరు తూలారు పోయినసారి. ఏమన్నా చెయ్యొచ్చా బ్రో?

ఒక్క రింగుకి వేలాడదీస్తే అట్లే ఊగుతుంది అన్నా. ఈసారి బెల్టుకి రెండు రింగులు, ఒకటి ముందర ఒకటి వెనక, ముందరి పట్టీ పొట్టి, వెనకది పొడుగు, అప్పుడు ఒర ఏటవాలుగా వెనక్కి పోతుంది, కాళ్ళ మధ్యకి రాదు. చెక్క కత్తులు ఇక్కడ కొయ్యబొమ్మలు చేసే మాధవమాల ఊళ్ళో చెక్కించొచ్చు, మామూలు చెక్కవే, ఎర్రచందనం ముక్క కూడా వద్దు, ఎయిర్‌పోర్ట్‌లో ఆపేస్తారు. కత్తులన్నీ చెకిన్ పెట్టెలోనే, 23 కిలోలు ఒక్కో పెట్టెకి, ఎవరన్నా అదే వారం వస్తుంటే ఒక పెట్టె పంచుకోండి. కుట్టిన బెల్టులు తెచ్చేదానికి ఇబ్బంది లేదు. డప్పు తెమ్మని అడిగినవాళ్ళకి మాత్రం, చర్మం బిగించిన డప్పు నేను తేలేను, అక్కడే ఎవరిదన్నా అడగండి.

బకిల్స్, స్క్రూ రివెట్లు, మిగతా చిల్లర అక్కడే కొనండి, టాండీ లెదర్ అని తోలు సామాన్ల అంగడి ఉంది, దాంట్లో దొరుకుతాయి. తోలు కూడా తక్కువ పడితే అక్కడ తీసుకోవచ్చు, కాకపోతే వాళ్ళు మందం ఔన్సుల్లో చెప్తారు, ఒక ఔన్సు అంటే 0.4 మిల్లీమీటరు, మనకి 8-9 ఔన్సులది అడగాలి.

ఇప్పుడు కొలతలు. ప్యాంటు సైజు రాయొద్దు. లావుపాటి స్వెటర్ వేసుకుని, దాని మీద బొడ్డు దగ్గర టేపు చుట్టి, ఊపిరి మామూలుగా పీల్చి, వచ్చిన ఇంచీలు రాయండి. బకిల్ నుంచి మధ్య బెజ్జం దాకా అంత పెట్టిస్తా, అటు మూడు ఇటు మూడు బెజ్జాలు ఇంచీ ఇంచీకి ఉంటాయి, చివర ఏడించీలు తోక వదులుతాడు. ఆదివారం రాత్రి లోపల షీట్‌లో పెట్టండి, సోమవారం నేను చెన్నై ట్రైన్ ఎక్కుతా. ఇప్పటికి ముగ్గురివే వచ్చినాయి, మిగతా ఐదుగురు సైనికులూ ఈ మెసేజ్ చూసినట్టు ఒక థంబ్స్ అప్ పెట్టండప్పా.